చింతపండుతో తోమిన హౌసింగ్

మా అల్లుడు సంపత్ షార్జాలో పద్నాలుగేళ్లు ఒకే గ్యారేజీలో పనిచేశాడు. అక్కడ నేర్చుకున్నది రోటరీ ఇంజన్ల పని. కరీంనగర్‌లో ఆ పేరు చెబితే ముసలి లారీ మేస్త్రీలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ఇంజన్‌లో పిస్టన్లు ఉండవు. పక్కలు ఉబ్బిన ముక్కోణం లాంటి రోటర్, నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే గుల్ల లోపల తిరుగుతుంది. ఆ గుల్లను హౌసింగ్ అంటారు. దానికి అటూ ఇటూ మూతల్లాగా ఇనుప పలకలు ఉంటాయి. రోటర్ కొనలకు గుల్ల గోడను రాసుకుంటూ తిరిగే సన్నటి పట్టీలుంటాయి, అవి సీళ్లు. ఇదంతా అతను నాకు చెప్పింది కాదు, నా కూతురు జమునకు చెబుతుంటే విన్నది. పెళ్లై పద్దెనిమిదేళ్లయినా, ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నా, మా అత్తా అల్లుళ్ల మాటలు జమున మీదుగానే నడుస్తాయి. అన్నం తినమని నేను ఆమెకు చెబుతాను. తిన్నానని అతను ఆమెకు చెబుతాడు.

పోయినేడు తిరిగొచ్చి రేకుర్తిలో షెడ్డు వేశాడు. బైకులు, ఆటోలు వచ్చేవి. పని ఉండేది కానీ అతను నేర్చుకున్న పని ఉండేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చి తన చేతుల వైపు చూసుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. మా ఆయన ఏడుసార్లు దుబాయి వెళ్లాడు, ఆరుసార్లు వచ్చాడు. వెళ్లే ముందు నెల రోజులూ అట్లాగే కూర్చునేవాడు. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా అటక మీది పెట్టె దించితే, అది దుప్పట్ల కోసమే అయినా సరే, లోపల ఏం పెడుతున్నారో వెళ్లి చూస్తాను.

వానాకాలంలో వకీలు సంతోష్‌రావు తన ఇంజన్ పంపించాడు. వాళ్ల నాయన ఎప్పుడో ఢిల్లీలో ఏదో విదేశీ ఆఫీసు వాళ్లు వేలం వేస్తే కొన్న జపాన్ కారు అది. ఇరవై ఏళ్లుగా కదలలేదు. హైదరాబాద్‌లో ఆయన స్నేహితుల దగ్గర అట్లాంటివే ఇంకో రెండు ఉన్నాయట. ఇది నడిస్తే అవీ సంపత్ చేతికే వస్తాయి. కానీ వకీలుగారు ఒక షరతు పెట్టాడు. కొత్త హౌసింగ్‌లు కొననన్నాడు. అవి జపాన్ నుంచి రావాలి, ఇంజన్ కంటే వాటి ధరే ఎక్కువ. ఉన్నవాటితో బాగుపడితే సరి, లేదంటే కారుకు గుడ్డ కప్పి బొమ్మలాగా నిలబెట్టుకుంటానన్నాడు.

అదే సమయంలో షార్జా నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పాత సేఠ్ మళ్లీ రమ్మంటున్నాడు. దసరా సాయంత్రంలోగా వస్తాననో రాననో చెప్పాలి. ఆ తరువాత ఇంకొకరిని తీసుకుంటారు. అట్లా మా ఇంటి సంగతంతా ఆ ఇంజన్ మీద వచ్చి నిలబడింది.

రేకుర్తి షెడ్డులో గ్రానైట్ దుమ్ము పడుతుందని సంపత్ ఇంజన్‌ను మా వెనక గదిలోనే విప్పాడు. దుప్పటి పరిచి, ఒక్కొక్క ముక్కా తుడిచి వరసగా పెట్టాడు. రెండు హౌసింగ్‌లు, మూడు పలకలు. పలకల మీద అరుగుదల గీతలు కంటికే కనిపించాయి. అవి ఇనుము కాబట్టి పైపైన చదును పట్టిస్తే మళ్లీ పనికొస్తాయట. హౌసింగ్ అట్లా కాదు. దాని లోపలి గోడకు పల్చటి క్రోమ్ పూత ఉంటుంది. పూత అరిగినా, లేచినా ఇక చేసేదేమీ లేదు. సంపత్ రెండు రోజులు వాటిని గోరుతో తడిమాడు, దీపం పెట్టి చూశాడు. ఒకదాని అంచున అరచేతంత నల్ల మచ్చ ఉంది. అది మసేనని, నున్నగానే ఉందని జమునతో చెప్పాడు. ఆ రాత్రి చాలా రోజుల తరువాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

దసరా నాడు పనిముట్లకు పూజ చేస్తాం. మా ఆయన ఉన్నప్పుడు నాగలి కర్రునూ కొడవళ్లనూ తోమింది నేనే. ఆ పొద్దున జమున వంటింట్లో సకినాల పిండి తడుపుతోంది. సంపత్ జమ్మి కోసం వెళ్లాడు. నేను వెనక గదిలోకి వెళ్లి పానాలూ సుత్తులూ తుడిచి పీట మీద పెట్టాను. హౌసింగ్‌లు కూడా పెట్టాలనిపించింది. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోది మచ్చతో ఉంది. మచ్చ ఉన్నదాన్ని పూజకు ఎట్లా పెట్టేది? ఇత్తడి బిందెను తోమినట్టే నానిన చింతపండూ బూడిదా తీసుకుని, కూర్చుని, బలం కొద్దీ తోమాను.

మచ్చ వదిలింది. దానితోపాటు గోరంత పెచ్చు ఒకటి, చేప పొలుసులాగా, నా వేలికి అంటుకుని వచ్చింది.

కింద గోడ మెరవడం లేదు. వేలు పెడితే గుంట తగిలింది. కిటికీలో సంపత్ నోటుపుస్తకం ఉంటే తెరిచాను. నేను బడికి పోలేదు. మా ఆయన ఉత్తరాలు పక్కింటివాళ్లు చదివి చెబుతుంటే, ఏదో దాచి చదువుతున్నారన్న అనుమానంతో జమున రెండో తరగతి పుస్తకం పట్టుకుని నేర్చుకున్నదే నా చదువు. కూడబలుక్కుంటూ పేజీలు తిప్పాను. ఒకచోట గీత కొట్టి మరీ రాసుకున్నాడు: "అంచు మీద పెచ్చు లేస్తే మార్చుడే. రుద్ది వాడొద్దు. సీళ్లను తినేస్తది."

నేనే పోగొట్టాను అనుకున్నాను. చేతులు కడుక్కున్నా చింతపండు వాసన పోలేదు. గుమ్మంలో బండి చప్పుడు వినిపించింది. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. పసుపు తడిపి ఆ గుంట మీద మందంగా రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టాను. పూజ నాడు బొట్టు ఎవరూ చెరపరు.

సంపత్ వచ్చాడు, వెనకే సంతోష్‌రావు. వకీలుగారు కుర్చీలో కూర్చుని జమ్మి ఆకు జేబులో పెట్టుకున్నాడు. సంపత్ పీటకు దండం పెట్టి బొట్టు వైపు చూశాడు. తరువాత వకీలుగారితో హౌసింగ్‌లు రెండూ పనికొస్తాయని, పలకలు మాత్రం శ్రీరాంపూర్‌లో చదును పట్టిస్తే చాలని చెప్పాడు. ఆయన తల ఊపి, అయితే హైదరాబాద్ వాళ్లతో మాట్లాడతానన్నాడు. సంపత్ ఫోన్ తీశాడు. షార్జాకు రానని ఇప్పుడే చెప్పేస్తానని వంటింట్లోని జమునకు వినబడేలా అని నవ్వాడు.

నేను కోరుకున్న మాట అదే. నోరు మూసుకుని ఉంటే చాలు, ఆ మాట ఫోన్‌లోకి వెళ్లిపోయేది. కానీ రేపు బొట్టు తుడిచాక ఏం చూస్తాడు? చూడకుండా బిగిస్తే నడి రోడ్డు మీద ఏమవుతుంది? షార్జా పోయి, ఈ పనీ పోయి, ఆ చేతులు పెట్టుకుని ఎక్కడ కూర్చుంటాడు?

"ఆగు బిడ్డా," అన్నాను.

జమున గిన్నె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. నేను అతనితో సూటిగా మాట్లాడడం ఆమె ఎరగదు. కొంగుతో ఆ బొట్టంతా తుడిచేశాను.

"పొద్దుగాల నేను తోమిన. చింతపండు పెట్టి తోమిన. పెచ్చు లేసింది. భయపడి పసుపు పెట్టిన."

సంతోష్‌రావు ముందుకు వంగి చూసి, మళ్లీ వెనక్కి వాలాడు. "ఇంజన్‌ను చింతపండుతోటి తోముడు నా సర్వీసుల వినలే," అన్నాడు. నవ్వాడో కోపగించుకున్నాడో నాకు తెలియలేదు.

సంపత్ హౌసింగ్‌ను వెలుతురులోకి తీసుకెళ్లాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. పెచ్చు ఏదని అడిగాడు. కాగితంలో చుట్టి రొంటిన దోపుకున్నదాన్ని తీసి ఇచ్చాను. దాన్ని వెనక్కి తిప్పాడు. వెనక వైపు నల్లగా మసి కట్టి ఉంది.

"అత్తమ్మా, గిటు చూడుండ్రి." అతను కూడా జమునను దాటేసి మాట్లాడాడు. "పూత కింద మసి ఉన్నది. గిది ఎన్నడో లేసింది, మీరు లేపింది కాదు. సందుల మసి నిండి నున్నగ అయింది, నేను నున్నగున్నదని మోసపోయిన. గట్టి క్రోమ్ చింతపండుకు రాదు. మీరు తోమకపోతే నేను గట్లనే బిగించెటోన్ని."

"అయితే రుద్ది నున్నగ చెయ్," అన్నాడు వకీలుగారు. "నడుస్తది గదా?"

"నడుస్తది సారూ. నాలుగు నెలలు నడుస్తది. తర్వాత సీళ్లు కోసుకపోయి రెండో హౌసింగ్‌ను గూడ గీస్తయి. పలకలు చదును పట్టిస్త, గా మంచి హౌసింగ్ వాడుకుందం. గిది మాత్రం మార్చుడే. లేకుంటే నేను బిగియ్య."

వకీలుగారు లేచాడు. షరతు ముందే చెప్పానంటూ పెచ్చును ఫోటో తీసుకుని, ఆలోచిస్తానని వెళ్లిపోయాడు. సకినాలు కూడా ముట్టలేదు. జమున నా వైపు చూడలేదు. సంపత్ షార్జాకు ఫోన్ చేసి నాలుగు రోజులు గడువు అడిగాడు. సేఠ్ ఇచ్చాడు. ఆ నాలుగు రోజులూ నేను అటక వైపు చూడకుండా ఇల్లు ఊడ్చాను.

మూడో రోజు సంతోష్‌రావు తనే వచ్చాడు. ఆ పెచ్చు ఫోటో హైదరాబాద్‌లో ఇద్దరు మేస్త్రీలకు పంపాడట. ఇద్దరూ రుద్ది నడిపిస్తామన్నారట. ఎన్నాళ్లు నడుస్తుందంటే ఒక్కరూ రాసివ్వలేదట.

"వద్దన్నది నువ్వొక్కనివే," అన్నాడు. "ఒక్కటే కదా, తెప్పిస్త. రెండు నెలలు పడ్తదట. అప్పటిదాక మా దోస్తు ఇంజన్ విప్పి చూస్తవా? బాగుంటే బాగున్నదను, లేకుంటే లేదను. గంతే చాలు."

సంపత్ విప్పి చూస్తానన్నాడు. ఉంటానని మాత్రం అనలేదు. హౌసింగ్ వచ్చి ఇంజన్ నడిచేది రెండు నెలలకు, సేఠ్‌కు జవాబు చెప్పాల్సింది మాత్రం రేపే. నాకు మళ్లీ పరేషాన్ పట్టుకుంది.

మరునాడు పలకలు తీసుకుని కిరాయి కారులో శ్రీరాంపూర్ బయలుదేరాడు. నన్నూ రమ్మన్నాడు, సూటిగానే. పలకలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో చీరలు మడిచి పెట్టి వెనక సీట్లో పట్టుకుని కూర్చున్నాను. గోదావరి దాటేటప్పుడు అతని ఫోన్ మోగింది. తీయలేదు.

అక్కడ చదును పట్టే వెంకటి బొగ్గు గనుల వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైనవాడు. ఇంటి వెనక షెడ్డులో పెద్ద ఇనుప బల్ల ఉంది, నీళ్లు పోస్తే ఎటూ పారనంత చదునుగా. పలకకు నీలం రంగు పూసి, బల్ల మీద గరుకు ముద్ద రాసి, పలకను ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ రుద్దాడు. ఎత్తు ఉన్నచోట రంగు పోయింది, అరిగినచోట మిగిలింది. మళ్లీ పూశాడు, మళ్లీ రుద్దాడు. నీలం గీతలు ఒక్కొక్కటే సన్నబడ్డాయి.

"అక్కా, నువ్వేనట గదా చింతపండు మేస్త్రీవి," అన్నాడు. "గీ పలకను మాత్రం ముట్టకు. ఇనుముకు తడి తగిలితే తుప్పు."

చేతులు కొంగులో చుట్టుకున్నాను. సంపత్ నవ్వాడు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అతను బయటికి వెళ్లి మాట్లాడాడు. గోడ అవతలి నుంచి సేఠ్‌తో మాట్లాడే హిందీ వినిపించింది కానీ నాకు అర్థం కాలేదు. నేను పలక వైపే చూస్తూ కూర్చున్నాను. నీలం ఇంకా ఒక చివర సన్నటి దారంలాగా ఉంది.

అతను లోపలికి వచ్చాడు. ఫోన్ జేబులో పెట్టి, పలక అంచును బొటనవేలితో తడిమి చూశాడు.

"మామా," అన్నాడు వెంకటితో, "హైదరాబాద్ ఇంజన్ పలకలు గూడ వచ్చే నెల తెస్త. ఫిబ్రవరిల ఇంకోటి ఉంటది. బల్ల ఖాళీ పెట్టుండ్రి."

వెంకటి సరేనని పలకకు మళ్లీ రంగు పూశాడు. నేను ఒడిలోని చీరల మడతలు విప్పి, దులిపి, తరువాతి పలక కోసం పరిచాను.