మచ్చ బతికున్నన్నాళ్లు

డ్యూటీకి వెళ్లేముందు డాబా మీద బకెట్లతో నీళ్లు కుమ్మరించడం ఆయన అలవాటు. నేల వేడెక్కితే గాలి కదులుతుంది, గాలి కదిలితే టెలిస్కోపులో బొమ్మ అలుక్కుపోతుంది. తర్వాత ఫిల్టర్‌ని వెలుతురుకు అడ్డం పెట్టి, సూదిమొనంత చిల్లయినా లేదని చూసుకుని, టెలిస్కోపు మూతికి బిగించి, అప్పుడు గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పేవాడు. ఉద్యోగం ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీయడం. సూర్యుడి మీది మచ్చల్ని ఫొటోలు తీస్తాడని వీధిలో మాత్రం అందరికీ ఆయన మచ్చలాయన.

ఆయన తీసిన సూర్యుడి ఫొటోలు వెచ్చగా ఉండేవి. కింద వాటా ఆవిడ వానాకాలమంతా పిల్లల సాక్సులు వాటి మీదే ఆరేసేది. "అన్నయ్యగారూ, ఈసారి కాస్త పెద్ద సైజులో వేయించండి, దుప్పట్లు ఆరి చావట్లేదు" అని మెట్ల మీద ఆపి మరీ అడిగేది. మచ్చ ఉన్నచోట మాత్రం కాగితం చల్లగా తగిలేది. సూర్యుడి మీద మచ్చలు చుట్టుపక్కల కంటే చల్లన కదా, ఎంత స్పష్టంగా తీస్తే అంత చలవ. అయితే ఆ మచ్చ పైన బతికున్నన్నాళ్లే. అది చెరిగిపోయిన రోజున ఇక్కడ మిగిలేది ఉట్టి కాగితం.

ఆయన భార్య స్కూలు యూనిఫారాలు కుట్టేది. "నన్ను చూసినదానికంటే ఆ సూర్యుణ్ణే ఎక్కువ చూశారు. ఏం చేస్తాం, నాకు మచ్చల్లేవాయె" అని మిషను ఆపకుండానే దెప్పేది.

ఒకరోజు దగ్గు తగ్గక ఆస్పత్రికి వస్తే, ఆయనే ఆమెకి ఎక్స్‌రే తీయాల్సి వచ్చింది. తెర మీద ఊపిరితిత్తిలో నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా ముద్ద కట్టింది. అలాంటివి ఎన్ని చూశాడో.

"ఏమైనా ఉందా?" అందామె అవతల్నుంచి.

"ఊపిరి వదులు," అన్నాడు.

జబ్బు వల్లో మందుల వల్లో, ఆమెకి ఒళ్లంతా మంటలు పుట్టాయి. దుప్పటి అంచు తగిలినా కెవ్వుమనేది. డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచి, "ఈ మంట తగ్గదు. చివరిదాకా ఇంతే. మనసు రాయి చేసుకోండి" అన్నాడు.

కూతురు సిటీ బస్సు నడిపేది. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి, మంచానికి బారెడు దూరంలో కుర్చీ వేసుకునేది.

"అమ్మా, చెయ్యి పట్టుకోనా?"

"వద్దే తల్లీ. నిప్పు తగిలినట్టుంటుంది."

మచ్చలాయన పాత ఫొటోలన్నీ దించాడు. ఒక్కదానిలోనూ చలవ లేదు. ఆ మచ్చలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. కొత్తవి తీద్దామంటే సూర్యుడు తోమిన పళ్లెంలా నిగనిగలాడుతున్నాడు. అప్పుడప్పుడూ ఆవగింజంత చుక్క పుట్టేది. దాన్ని తీసి పెడితే ఆమె మణికట్టు మీద చన్నీటి బొట్టు పడ్డట్టుండి, పూట తిరక్కుండా ఆరిపోయేది.

"మీ సూర్యుడికి నామీద కోపమేమో," అంది పెదాలు కొరుక్కుంటూ.

ఆయన డాబా మీదకి వెళ్లి, తడి నేల మీద చతికిలబడి ఏడ్చాడు. ఇంట్లో మనిషి మంట ఆర్పలేని పనికా ఇన్నేళ్లు ఒళ్లు కాల్చుకున్నది! టెలిస్కోపుని కింద పడేద్దామా అన్నంత కసి పుట్టింది. మర్నాడు మళ్లీ నీళ్లు కుమ్మరించాడు. వేరే ఏం చేయాలో తెలియక.

అలా ఉండగా ఒక ఉదయం సూర్యుడి అంచున నల్లగా, ఓరగా, పెద్ద మచ్చ తొంగిచూసింది. అంచున ఉండగా తీస్తే బొమ్మ నొక్కుకుపోతుంది. అది తిరిగి ఎదురుగా వచ్చేదాకా ఆగాలి. ఆ రోజుల్లో ఆమె అరుపులకి కింద వాటా ఆవిడ పిల్లల్ని పుట్టింట్లో దింపి వచ్చింది.

గాలి నిలిచిన ఒక పొద్దున ఆయన ఆపకుండా వేల బొమ్మలు తీశాడు. వాటిలో వణకనివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్క ఫొటోగా కలిపాడు. నడుమ బావిలాంటి నలుపు, చుట్టూ కనురెప్పల వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు, ఆ అవతల బియ్యం పరిచినట్టు గింజలు గింజలుగా సూర్యుడు. జీవితంలో అంత స్పష్టమైన బొమ్మ ఆయన తీయలేదు. సంతోషం మాత్రం కలగలేదు. ఆ నలుపొక్కటే కత్తిరించి, మంచమంత పెద్దది చేయించాడు.

"తొందరగా పట్టుకెళ్లండి గురువుగారూ, వేళ్లు కొంకర్లు పోతున్నాయి," అన్నాడు స్టూడియో అతను, చేతులు చంకల్లో దూర్చుకుని.

కాగితం ఒంటి మీద కప్పగానే ఆమె గుండెల నిండా గాలి పీల్చింది. "ఇంకాస్త పైకి జరపండి," అంది. అంతలోనే నిద్రపోయింది.

సాయంత్రం వచ్చిన కూతురు, గుమ్మంలోనే చెప్పులు విదిలించి, ఏమీ అడక్కుండా మంచమెక్కి తల్లిని కరుచుకుని పడుకుంది. ఆమె అరవలేదు. కూతురి తలలో వేళ్లు పెట్టి, "జుట్టంతా దుమ్మే," అంది.

మంట పోయింది గానీ జబ్బు పోలేదు. మనిషి రోజుకింత కరిగిపోతూనే ఉంది.

"మిమ్మల్ని చాలా తిట్టాను కదూ," అందొకసారి.

"ఇప్పుడూ తిట్టు."

"ఓపిక లేదండీ."

మచ్చ సూర్యుణ్ణి దాటుకుంటూ పోయి అవతలి అంచున దిగిపోయింది. ఆయన డాబా మీంచి వచ్చి కాగితం తడిమి చూశాడు. చల్లగానే ఉంది.

"అటువైపు ఎలా ఉందో?" అందామె.

"కనిపించదు. ఉండడం మాత్రం ఉంది."

ఆ మధ్యాహ్నం కూతురికి సెలవు. తల్లి పక్కన పడుకుని, భుజం చుట్టూ చెయ్యి వేసి, బస్సు కబుర్లు చెబుతోంది. అద్దమున్న బీరువా తలుపొకటి నెత్తిన పెట్టుకుని ఒక ముసలాయన బస్సెక్కాడట. దింపమంటే దింపడట. బస్సులో వాళ్లంతా వంతులవారీగా ఆ అద్దంలో తల దువ్వుకోవడం మొదలుపెట్టారట. తల్లి కళ్లు మూసుకుని వింటోంది.

జారిన కాగితాన్ని సర్దబోయి ఆయన ఆగిపోయాడు. దానిలో చలవ లేదు. ఉట్టి కాగితం. అవతలెక్కడో మచ్చ చెరిగిపోయింది. ఇప్పుడు మళ్లీ ఆ మంట, ఆ అరుపులు. గబుక్కున ఆమె ముంజేయి పట్టుకున్నాడు.

ఆమె చల్లగా ఉంది. ఇది కాగితం ఇచ్చిన చల్లదనం కాదు. ఎప్పుడు పోయిందో తెలియలేదు. పక్కనే కరుచుకుని ఉన్న కూతురికీ తెలియలేదు.

"...ఇంతలో నేను బ్రేకు వేశానా," అంటోంది కూతురు, నవ్వు ఆపుకుంటూ, తల్లి మెడ దగ్గర మొహం పెట్టి.

ఆయన కాగితాన్ని మెల్లగా ఆమె గడ్డం దాకా లాగి కప్పాడు. మంచం అంచున కూర్చున్నాడు.

"తర్వాత?" అన్నాడు.