వంటింటి చెవి

వంటగట్టు తుడుస్తూ, మూలనున్న స్మార్ట్ స్పీకర్ మీది నూనె జిడ్డు కూడా తుడిచాను. "నీ చేతులెప్పుడూ ఖాళీగా ఉండవుగా, నోటితో చెబితే చాలు, లైట్లు వేస్తుంది, పాటలు పెడుతుంది" అంటూ ఆయన తెచ్చిపెట్టారు. కొడుక్కి పెళ్లామంటే ఎంత ప్రేమో అని అత్తయ్య మురిసిపోయారు. నా చేతులు కాస్త ఖాళీ చేసే ఉపాయం మాత్రం తల్లీకొడుకులిద్దరికీ తట్టలేదు.

ఆ పూట భోంచేస్తూ, "మా అమ్మ చాదస్తం గురించి మీ అక్కతో చాలాసేపే మాట్లాడినట్టున్నావ్?" అన్నారు. అక్క ఫోన్ చేసినప్పుడు ఇంట్లో నేనూ, మా పాపా తప్ప ఎవరూ లేరు. ముందు పాపను అనుమానించాను, తర్వాత అక్కను, ఆఖరికి పక్కింటావిడ కిటికీని. గోడలకు చెవులుంటాయంటారు కదా, ఒక్క గోడల్ని తప్ప అందరినీ అనుమానించాను.

విడాకుల కోసం కోర్టుకెక్కి, పాపతో అక్క ఇంటికి చేరాక అసలు సంగతి తెలిసింది. పాపను తనకే ఇవ్వాలంటూ ఆయన లాయరు ఒక రికార్డింగు వినిపించాడు. "నా ప్రాణం తీస్తున్నావే! ఎక్కడికైనా పో!" గొంతు నాదే. వెంటనే పాప ఏడుపు. అక్కడితో ఆపేశాడు. అందరూ నన్ను అదోలా చూశారు. ఒళ్లు కాలిపోతూ వంట చేస్తున్న నన్ను, "ఇంట్లో కూర్చునేదానికి జ్వరమొస్తే ఏంటి, రాకపోతే ఏంటి" అని అంతకుముందే ఆయనన్నది అందులో లేదు. తర్వాత నేను పాపను ఒళ్లోకి తీసుకుని బతిమాలుకున్నదీ లేదు.

"ఆ వంటింటి స్పీకర్ని ఎప్పుడూ వినేలా పెట్టించి, ఆఫీసులో కూర్చుని ఫోన్లో విని, దాచుకునేవాడటమ్మా. ముక్కలే తెచ్చాడు. మొత్తం తెప్పించమని అడగొచ్చు. కానీ నీ సొంత మాటలన్నీ బయటికొస్తాయి, ఆలోచించుకో" అంది మా లాయరమ్మ.

అక్క ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమన్నా ఉలిక్కిపడుతున్నాను. గుట్టుగా మాట్లాడాలంటే కుళాయి తిప్పుతున్నాను. ఏమేం ఉంటాయి అందులో? అత్తయ్యను తిట్టుకున్న తిట్లు. రెండోసారి కడుపు పోయినప్పుడు అక్కతో "హమ్మయ్య" అన్న మాట. అలా అన్నందుకు కుళ్లికుళ్లి ఏడ్చిన ఏడుపు. అంటే అతనికి తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ నా చేతి వంట తిన్నాడు. ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదంటే, వచ్చే వాయిదాకు దాచిపెట్టుకున్నాడేమో.

వాయిదా రోజు, మొత్తం రికార్డింగులు కావాలని మా లాయరమ్మ అడగగానే అతనే లేచాడు. "వద్దండీ! అందులో మా ఇంటి సొంత విషయాలుంటాయి. నలుగురిలో పెట్టడం మర్యాద కాదు."

జడ్జిగారు నా వైపు తిరిగారు. "మీకేమైనా అభ్యంతరమా అమ్మా?"

లేచి నిలబడ్డాను.

"ఉందండీ. ఈయన నన్ను అడక్కుండా విన్నారు, అదే నా అభ్యంతరం. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, మొత్తం వినండి."