మొదటి ప్లేటు

గున్నమ్మకు కోపం వస్తే అరవదు. అదే అసలు భయం. అరిచే అత్తతో ఎలాగోలా వేగొచ్చు గానీ, నోరు మూసుకుని పీట మీద కూర్చునే అత్తతో ఎవరు వేగుతారు? ఆ రోజు ఆస్పత్రి నుంచి దుర్గ్ దగ్గర ఖుర్సీపార్‌లోని ఇంటికొచ్చాక ఆవిడ అలాగే కూర్చుంది. కోడలు మణిమాల మంచినీళ్ళిచ్చినా ముట్టలేదు.

మనవరాలు రోహిణికి పద్నాలుగేళ్ళు. పొద్దున స్కూల్లో పరుగు పందెంలో సగం దూరానికే కూలబడింది. డాక్టరు బీపీ చూశాడు, మళ్ళీ చూశాడు, పట్టీ మార్చి మూడోసారి చూశాడు. నూట యాభై రెండు. రక్తంలో కొవ్వు యాభై ఏళ్ళ మనిషికి ఉన్నంత ఉంది. "ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?" అని అడిగాడు. ఉండకేం! గున్నమ్మ మొగుడు సింహాద్రి నలభై నాలుగేళ్ళకే ఉక్కు ప్లాంటులో డ్యూటీ మీద ఉండగా గుండె ఆగి పోయాడు. "అయితే ఈ పిల్ల తిండి విషయంలో మీరు మరీ జాగ్రత్తగా ఉండాలి. వేపుళ్ళూ బజారు తిండీ ఇప్పుడు మానితే దారికొస్తుంది. మానకపోతే తాత దారే" అన్నాడాయన, మొహమాటం లేకుండా.

"పొద్దున్నే చోడి అంబలి డబ్బాలో పోసి పంపుతున్నాను గదే. మరి ఏటి తినీసి ఇలాగయ్యావు?" పీట మీంచే అడిగింది గున్నమ్మ.

రోహిణి భోరుమంది. "ఆ అంబలి నేను తాగట్లేదు మామ్మా. రెండేళ్ళ నుంచి తోవలోనే పారబోస్తున్నా."

సంగతి అప్పుడు బయటపడింది. రెండేళ్ళ క్రితం స్కూలు కేంటీన్ బెంచీ మీద కూర్చుని రోహిణి రాగి అంబలి డబ్బా మూత తీసింది. కేంటీన్ నడిపే ధర్మారావు వచ్చాడు. "ఏయ్ బచ్చీ, ఇదేటి, గేదెకెట్టే కుడితా? ఇక్కడ కొన్నది తినాల, లేపోతే బయటికి ఫో" అని డబ్బా లాక్కుని, అందరూ చూస్తుండగా చెత్తబుట్టలో బోర్లించాడు. పిల్లలు విరగబడి నవ్వారు. మర్నాటి నుంచి చేతి ఖర్చు డబ్బులతో రోహిణి తిండి సమోసా, నూడుల్స్, కారం పొట్లాలు. ఒక్కరోజు నాగా లేదు.

ఎవడో ఊరూ పేరూ తెలియనివాడంటే సరే అనుకోవచ్చు. ధర్మారావుది కూడా తమ పలాస వైపే. వాడి తల్లి, తాత, ముత్తాత అందరూ చోడి అంబలి తాగి బతికినవాళ్ళే. అలాంటివాడు దాన్ని కుడితి అన్నాడు! 'నీ అంతు సూడకపోతే నాను సింహాద్రి పెళ్ళాన్నే కాదు' అనుకుంది గున్నమ్మ.

గున్నమ్మ ఇరవై ఏడేళ్ళు ప్లాంటులో ఒక కేంటీన్ వంటింట్లో చేసిన మనిషి. మర్నాడు పదిన్నరకు, విరామం వేళకు స్కూలుకి వెళ్ళి కేంటీన్ వెనక తలుపు దగ్గర నిలబడింది. మూకుడు వైపు ఒక్కసారి చూస్తే చాలు ఆవిడకు. నూనె డికాషన్ రంగులో ఉంది, పైన మురికి నురగ, ముక్కుపుటాలు మండే పొగ. పాత నూనె తీసే పని లేదు, తగ్గినప్పుడల్లా కొత్తది పోయడమే. తిరిగి వస్తుంటే వరండాలో ఒక పిల్ల కనబడింది. వాసవి, రోహిణి క్లాసే, ధర్మారావు కన్నకూతురు. ఒళ్ళో స్టీలు డబ్బా. అందులో కోదో బియ్యపు అన్నం, అంటే అరికెల అన్నం, తోటకూర పప్పు.

"రోజూ ఇంటి డబ్బాయేనా తల్లీ?"

"హాఁ అమ్మమ్మా. కేంటీన్‌లో తింటే పప్పా తిడతాడు."

ఓరి దొంగ సచ్చినోడా!

ఆ శనివారం తల్లిదండ్రుల మీటింగులో గున్నమ్మ లేచి నిలబడింది. నూనె మాట ఎత్తలేదు. "మా కేంటీన్‌లో ఒక పద్ధతి ఉండేది. పనోళ్ళకి వడ్డించే ముందు మొదటి ప్లేటు కంట్రాక్టరే తినాల, అందరూ సూస్తుండగా. ఇక్కడా అలాగే సెయ్యండి" అంది. అక్కడున్నవాళ్ళలో సగం మంది ప్లాంటు మనుషులే, చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ ఛాయ మేడం సరేనంది.

ధర్మారావు పళ్ళికిలించాడు. "దానికేటి పిన్నీ, శుభ్రంగా తింటాను!"

తిన్నాడు కూడా. గున్నమ్మ రోజూ స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. మొదటి రోజే ఆవిడ ముక్కు అసలు సంగతి పసిగట్టేసింది. వాడి సమోసా వేరే చిన్న మూకుట్లో, కొత్త నూనెలో వేగుతోంది. అయినా పల్లెత్తు మాట అనలేదు. మూతి తుడుచుకుంటూ వాడు చేసే వెటకారమంతా భరించింది. పదో రోజు స్కూల్లో ఆటల పోటీలు. అమ్మానాన్నలంతా వస్తారు. ఆవిడకు కావలసింది ఆ రోజు.

ఆ రోజు కేంటీన్ ముందు జనం కిటకిటలాడుతున్నారు. ధర్మారావు దర్జాగా తన ప్లేటు అందుకున్నాడు.

"ఆగు. ఆ ప్లేటు కాదు. పిల్లలకెట్టే ట్రేలోది తీయి" అంది గున్నమ్మ.

"ఏదైతేనేటి పిన్నీ, రెండూ ఒకటే."

"ఒకటేనా? అయితే నీ కూతురే తింటాది. అమ్మా వాసవీ, ఇలా రా."

వాసవి సంబరంగా పరిగెత్తుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక కేంటీన్ సమోసా రుచి చూడని పిల్ల మరి. ట్రేలోంచి ఒకటి తీసి నోటి దాకా తెచ్చింది. ధర్మారావు ఆపకపోతే గున్నమ్మ ఆపేదా అని మాత్రం ఆవిడను అడగొద్దు. ఆవిడ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. వీడి గుండె కూడా దడదడా కొట్టుకోనీ, ఆ భయమేటో వీడికి కూడా తెలియనీ అనుకుంది.

ధర్మారావు బల్ల మీంచి దూకాడు. కూతురి చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు. సమోసా ఎగిరి నేల మీద పడింది.

"పప్పా," అంది వాసవి చెయ్యి పట్టుకుని. ఆ పిల్ల కళ్ళు జనంలో ఉన్న రోహిణి వైపు తిరిగాయి. "తో ఫిర్ రోహిణీకి ఎందుకు పెట్టావ్?"

గున్నమ్మ లేచి ధర్మారావు ఎదురుగా వచ్చింది. "నీ కూతురి నోటికి నువ్వు అడ్డం పడ్డావు. నా గుంట నోటికి ఎవడు అడ్డం పడ్డాడ్రా? రెండేళ్ళు! నువ్వు పారబోసిన అంబలి తాగుంటే దాని గుండె ఇలాగయ్యేదా?"

"ఈ రోజే ఇతని కాంట్రాక్ట్ క్యాన్సిల్" అంది ఛాయ మేడం. జనం కూడా అదే కేకలు వేశారు.

"వొద్దు" అంది గున్నమ్మ. "తీసీస్తే ఇంకో స్కూలుకి పోయి ఆ పిల్లల గుండెలు మాడ్సేస్తాడు. ఈడు ఇక్కడే ఉండాల. ఎక్కడి నుంచో డబ్బాల్లో దిగిన నూనె, పొట్లాలు గుమ్మం తొక్కకూడదు. ఈ దుర్గ్ చుట్టుపక్కల పండే చోళ్ళు, కోదోలు, ఈ కాలంలో కాసిన కూరలే వండాల. ఇంటి డబ్బా తెచ్చుకున్న పిల్ల దర్జాగా బెంచీ మీదే కూర్చోవాల. ఇంక మొదటి ప్లేటు ఈడు తినక్కర్లేదు. వాసవి తింటాది. రోజూ."

"పిన్నీ, పిల్లని మధ్యలోకి లాగకు, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు ధర్మారావు. నిజంగానే వంగాడు.

గున్నమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"మై ఖావూంగీ. నేను తింటా" అంది వాసవి, తండ్రి మొహంలోకి చూడకుండా.

సోమవారం పదిన్నరకు గంట కొట్టారు. ఆ రోజు చోడి రొట్టెలు, ఉడకబెట్టిన శనగలు. వాసవి మొదటి ప్లేటు అందుకుని బెంచీ మీద రోహిణి పక్కన కూర్చుంది. పొయ్యి దగ్గర ధర్మారావు గరిటె పట్టుకుని, కూతురు మొదటి ముద్ద మింగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నూనె మార్చాడు, గిన్నెలు మార్చాడు, పిండి స్వయంగా జల్లించాడు, అయినా ఆ భయం పోలేదు.

గున్నమ్మ స్టూలు మీద కూర్చుని ఆ మొహాన్ని తనివితీరా చూసింది. రోజూ చూడ్డానికి వస్తుంది.