రంగు కింద కన్నం

ఆ పాత షెడ్డులో పనిచేసేవాళ్లకు జీతమూ లేదు, భత్యమూ లేదు. పళ్ల డాక్టరు వారమంతా జనం నోళ్లలో చేతులు పెట్టి, ఆదివారం వచ్చి రైలుపెట్టెల తలుపులు బాగుచేసేవాడు. దర్జీ సీట్లు కుట్టేవాడు. ఇలాంటి పదకొండు మంది తొమ్మిదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని, తుప్పు పట్టిన ఆవిరి ఇంజన్‌ను లేపి నిలబెట్టారు. చేతులెత్తి మొక్కాల్సిన మనుషులు!

రంగుల పని కోడలిది. షెడ్డులో అందరికీ ఆమె కోడలే. ఆమె మామగారు ఒకప్పుడు ఇదే ఇంజన్ నడిపిన డ్రైవరు. ఎనభై నాలుగేళ్ల ఆయనకు ఇంకొక్కసారి దాన్ని నడపాలని ఒకటే కోరిక. ఇవాళ బాయిలరు పరీక్ష నెగ్గితే వచ్చే ఆదివారమే నడపొచ్చు. లేదంటే ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చేది ఆరు నెలల తర్వాతే. పెద్దాయన పొద్దున్నే పాత టోపీ పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

బాయిలరు నిండా నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించారు. ఎక్కిన చోటి నుంచి మీటరు ముల్లు కిందికి దిగలేదు. ఇన్‌స్పెక్టరు సంతకానికి పెన్ను తీశాడు. అప్పుడు కోడలి కంటపడింది, ఒక బోల్టు మీద రంగు బొబ్బలా ఉబ్బి ఉంది.

ప్రతి బోల్టుకూ సూదిమొనంత కన్నం ఉంటుందనీ, లోపల బోల్టు విరిగితే, బాయిలరు పేలకముందే అందులోంచి నీళ్లు కారి చెబుతాయనీ మామగారు భోజనాల దగ్గర వందసార్లు చెప్పారు. ఈమె వందసార్లూ ఊఁ కొట్టింది. తీరా ఆ కన్నాలు చూసి తుప్పు తిన్న గుంటలనుకుని, ఎంతో శ్రద్ధగా పూడ్చి నున్నగా రంగేసింది!

మామగారి టోపీ వైపు ఒకసారి చూసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. జడలోంచి పిన్ను లాగి, బొబ్బను పొడిచింది. నీళ్లు మొహాన చిమ్మాయి.

"ఆగండి సార్! ఇక్కడ బోల్టు విరిగింది. కన్నాలన్నీ నేనే మూసేశాను."

ఇన్‌స్పెక్టరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఒక్కరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు.

"పుచ్చులు తొలవడం నా పనేగా," అంటూ పళ్ల డాక్టరు అప్పుడే సన్నటి సూది వెతుకుతున్నాడు.

కోడలు స్టూలు దగ్గరికి వెళ్లి ఏడ్చేసింది. "మీ ఆదివారం పోగొట్టాను మామయ్యా."

"ముప్పై ఏళ్లు నన్ను రోజూ ఇంటికి చేర్చింది ఆ కన్నాలేనమ్మా," అన్నాడాయన. టోపీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఆరు నెలలు దాచు. దీనికి మాత్రం రంగేయకు."