అద్దం ఎత్తు

మూడో ఇంట్లో వంటగట్టు వెనక పలకలకు పట్టిన జిడ్డును వేడినీళ్ళు, బట్టల సోడా, పాత టూత్‌బ్రష్షు పెట్టి పైవరస నుంచి రుద్దుకొస్తున్నాను. అయిదో వరసలో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు.

"ఆదివారం పదింటికి ఒకావిడ ఇల్లు చూడ్డానికొస్తుంది. ఇదే ఆఖరు. ఈవిడ కూడా వద్దంటే ఆ కంపెనీ వాళ్ళకి తాళాలిచ్చేస్తా. అద్దె ఇళ్ళు ముస్తాబు చెయ్యడమే వాళ్ళ పని. నువ్వు మాత్రం ఎంతకని రుద్దుతావు, పాపం."

పాపం అన్నాడు కాబట్టి అది నా మేలు కోసమే అయింది.

మా ఆయనకి మూడు అద్దె ఇళ్ళున్నాయి. మాకు అనను, కాగితాల్లో లేని మాట ఎందుకు. పందొమ్మిదేళ్ళలో వాటిలోకి పదకొండు కుటుంబాలు వచ్చాయి. ఒకరు వెళ్ళి ఇంకొకరు వచ్చే మధ్యలో నాలుగైదు రోజులు తాళాలు నా దగ్గర ఉంటాయి. ఆ రోజుల్లో నన్ను ఎవరూ మంచినీళ్ళు అడగరు. "నా ఇళ్ళు ఖాళీగా ఉండవు, నా చెయ్యి అలాంటిది" అని మా ఆయన కనబడినవాళ్ళకల్లా చెప్తాడు. ఈ ఇల్లు మాత్రం ఆరు వారాలుగా ఖాళీ. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ముగ్గురు వచ్చి, ఆయాసం తీరకముందే దిగి వెళ్ళిపోయారు. అప్పుడు ఆ చెయ్యి నాదైంది.

కంపెనీ వాళ్ళు తయారుచేసిన ఇళ్ళ ఫొటోలు చూపించాడు. ప్లాస్టిక్ మొక్క, పసుపు బల్బు, గోడకి పడవ బొమ్మ. బకెట్ ఎక్కడ పెట్టుకుంటారు అని అడిగాను. "ఇదిగో, ఇందుకే నీకేదీ చూపించను" అన్నాడు.

నా పద్ధతి వేరు. కడగడం, రంగులు అయ్యాక ఒక పూట ఆ ఇంట్లో అద్దెకున్న మనిషిలా ఉంటాను. రెండు చేతుల్లో సంచులతో మెట్లెక్కుతాను. సంచి దించకుండా మోచేత్తో స్విచ్చి వెయ్యగలనా అని చూస్తాను. తాళంచెవి ఎక్కడ వదిలెయ్యాలనిపిస్తే అక్కడ కొక్కెం కొట్టిస్తాను. కుళాయి కింద బకెట్ పెట్టి చూస్తాను. పడకగదిలో నేలమీద పడుకుని, నిద్ర పట్టని మనిషికి పైకప్పులో ఏం కనబడుతుందో చూస్తాను. బీట కనబడితే పూడ్పిస్తాను. ఒకసారి అలా పడుకుని ఉండగా మా ఆయన వచ్చాడు. "మా ఆవిడ అద్దె ఇల్లు ఆట ఆడుకుంటోంది" అని రంగులేసే మేస్త్రీకి చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. మేస్త్రీ ముందు ఆపేశాడు.

తాళాలు పోతే ఆ నాలుగైదు రోజులు పోతాయి. మిగిలిన వరసలు రుద్దుతూ అదే ఆలోచించాను.

ఆదివారం ఆవిడ పదికి అయిదు నిమిషాల ముందే వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం. నా అంతే ఎత్తు. ఆయాసపడింది గానీ మెట్ల గురించి ఏమీ అనలేదు. మా ఆయన ముందు నడిచి గాలి గురించి, వెలుతురు గురించి చెప్తున్నాడు. ఆవిడ చేతిసంచి తియ్యబోయి ఆగింది. తలుపు పక్కన కొక్కెం కనబడింది. అక్కడ తగిలించింది.

వంటింట్లో గట్టు మీద రెండు అరచేతులూ ఆనించింది. తరిగినట్టు కాసేపు చెయ్యి ఆడించింది. "భుజాలు ఎత్తక్కర్లేదు" అంది, తనలో తనే. చెయ్యి చాచి పై అర అంచు పట్టుకుంది. దాని లోపలి మూల దాకా వేళ్ళు పోనిచ్చింది.

"నేను పొట్టిదాన్నండీ. ఇప్పటికి ఏడు ఇళ్ళు మారాను. ప్రతి ఇంటికీ ముందు పీట వెళ్తుంది, తర్వాత నేను."

స్నానాలగదిలోకి వెళ్ళినావిడ ఎంతకీ రాలేదు. ఏమైందోనని వెళ్ళాను. చేతులు కడుక్కునే సింకు మీది అద్దంలో తన మొహం చూసుకుంటోంది. మడమలు నేలమీదే ఉన్నాయి.

"ఇది ఎవరు చేయించారు?"

"అన్నీ నేనే దగ్గరుండి చేయించానండీ" అంటూ మా ఆయన లోపలికొచ్చి మా వెనక నిలబడ్డాడు. అద్దంలో రెండు మొహాలు ఉన్నాయి, ఆవిడది, నాది. మధ్యలో ఒక చొక్కా గుండీ.

ఆవిడ అద్దంలోకే చూసి అంది. "మీరాండీ? మీరు ఇందులో లేరే."

మా ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నావైపు తిరిగి, "తాళాలు మీ దగ్గరే కదా తీసుకోవాలి?" అంది.

వాళ్ళిద్దరూ అద్దె మాట్లాడుకోవడానికి బయటికి వెళ్ళారు. నేను అక్కడే ఉండిపోయాను. వడ్రంగి ప్రతిసారీ అడిగేవాడు, "ఎంత ఎత్తులో కొట్టమంటారమ్మా?" అని. నేను చెయ్యి ఎత్తి "ఇక్కడ" అనేదాన్ని. తాపీమేస్త్రీ గట్టు ఎత్తు అడిగితే మోచెయ్యి మడిచి చూపించేదాన్ని. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అనుకునేదాన్ని. వంటింట్లోకి వెళ్ళి గట్టు తాకాను. అర తాకాను. కొక్కెం, స్విచ్చి, కిటికీ గడియ. ప్రతిదీ నా చెయ్యి ఆగినచోట ఉంది. మిగతా రెండు ఇళ్ళూ గుర్తు తెచ్చుకున్నాను. అక్కడా అంతే. మూడు ఇళ్ళకి నా కొలత పెట్టాను. మళ్ళీ ఒకసారి గదులన్నీ తిరిగాను. గుడిలోకి వెళ్ళినప్పుడు కూడా నేనంత మెల్లగా నడవలేదు.

మేముండే ఇంట్లో అద్దం ఆయన ఎత్తుకు ఉంది. అందులో నాకు నా పాపిడి కనబడుతుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారితో చెప్పాను. ఆవిడ నాకంటే పొట్టి. "మడమలెత్తి చూసుకోవే. అలవాటవుతుంది. నాకు కాలేదూ?" అంది. ఆవిడ ఆ ఇంట్లో తన మొహం నిలబడి ఎప్పుడు చూసుకుందో నాకు తెలియదు. ఇంక అడగడానికి ఆవిడ లేదు.

భోజనమయ్యాక మా ఆయన పడుకున్నాడు. అద్దె ఇళ్ళ పనిముట్ల పెట్టె తెచ్చి మా అద్దం స్క్రూలు విప్పాను. అద్దం దించి, మడమలు నేలకు ఆనించి నిలబడి, కళ్ళకు ఎదురుగా పెన్సిల్‌తో గీత పెట్టాను. కొత్త స్క్రూల చోటు పాతవాటికి జానెడు కిందకి వచ్చింది. డ్రిల్లు చప్పుడుకి ఆయన లేచాడేమో, "ఏంటది?" అని గదిలోంచి కేకేశాడు. నేను పని ఆపలేదు. నాలుగు స్క్రూలు బిగించి, పొడి గుడ్డతో తుడిచి, చూశాను. గడ్డం దాకా ఉన్నాను.

సాయంత్రం ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.

"ఏమేవ్, ఈ అద్దం కిందకి పోయిందేంటి? నా మెడ తప్ప ఏమీ కనబడట్లేదు."

"కొంచెం వంగండి" అన్నాను. "అలవాటవుతుంది."