పెద్దసారుకి బీపీ దిగకముందే

పెళ్ళయి అత్తవారింటికి వచ్చాక నాకు దొరికిన మొదటి భోగం మా ఆయన పనిచేసే చోటు. ఊరు మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. గాజు తలుపు, ముఖం చూసుకోగలిగేంత నున్నటి తెల్ల నేల, గోడ మీద నవ్వుతున్న ముసలి దంపతుల నిలువెత్తు బొమ్మ. వాళ్ళకున్నటువంటి పలువరస మా ఊళ్ళో కాలేజీ పిల్లలకి కూడా లేదు. మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళే వంకతో వెళ్ళి, ఆయన తింటుంటే ఎదురుగా కూర్చునేదాన్ని. ఏసీ గాలికి నా జుట్టు ఎగురుతుంటే ఆయన చూస్తున్నారా లేదా అని ఓరకంట కనిపెట్టేదాన్ని. చూసేవారు. డిగ్రీలో ఏ పాఠాన్నీ నేను అంత శ్రద్ధగా గమనించలేదు.

ఆ గది పేరు ఆరోగ్య కేంద్రం. ఊరికి ఆనుకుని ఉన్న బిస్కెట్ల కంపెనీ వాళ్ళు గ్రామీణుల మీద ప్రేమతో కట్టించారు. ఆ ప్రేమ ఎంతటిదో తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించారు కూడా. లోపల డాక్టరు లేడు, మందులు లేవు. ఒక మెషీన్ ఉంది. దాని కుర్చీలో కూర్చుని చెయ్యి దూరిస్తే బీపీ చూస్తుంది, వేలు పెడితే షుగరు చూస్తుంది. ఆఖర్న తేనె పూసిన గొంతుతో, "మీ రక్తపోటు అధికంగా ఉంది. దయచేసి వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి. మా సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదాలు" అంటుంది. కింది సందులోంచి ఒక చీటీ బయటికొస్తుంది. మా ఆయన ఉద్యోగం దాన్ని పొద్దున ఆన్ చేసి, సాయంత్రం ఆఫ్ చేసి, మధ్యలో మెత్తటి గుడ్డతో తుడవడం. ఊళ్ళోవాళ్ళు దాన్ని చిలకమ్మ అంటారు.

చిలకమ్మ చెప్పే వైద్యుడు రెండు బస్సులు మారితే వచ్చే పట్నంలో ఉంటాడు. అంతకుముందు ఒక గవర్నమెంటు నర్సమ్మ నెలనెలా స్కూటీ మీద వచ్చి, బీపీ ఉన్నవాళ్ళకి మాత్రలిచ్చి, వేసుకోనివాళ్ళని తిట్టి వెళ్ళేదట. కంపెనీ కేంద్రం తెరవగానే, 'మీ ఊరికి వాళ్ళున్నారుగా' అని పైవాళ్ళు ఆమెని వేరే ఊళ్ళకి మార్చేశారు. మాత్రలు పోయాయి, తిట్లూ పోయాయి, ధన్యవాదాలు వచ్చాయి.

మా అత్తయ్య నర్సమ్మ మాత్రల మీద బతికిన మనిషి. ఇప్పుడు రోజూ ముఖం కడుక్కోగానే చిలకమ్మ దగ్గరికి వెళ్తుంది. అది అధికంగా ఉంది అంటుంది. "నిన్న కూడా ఇదే అన్నావు కదే తల్లీ" అని దాన్ని మందలించి, చీటీ వచ్చే సందు కింద దోసిలి పట్టి కాసేపు కూర్చుంటుంది.

"ఎందుకత్తయ్యా?" అని అడిగాను, కొత్తలో.

"చీటీ వచ్చిందిగా, మాత్ర కూడా వస్తుంది. పెద్ద కంపెనీ కదమ్మాయ్, అన్నీ ఒకేసారి రావు."

నేను నవ్వి, ఆ నవ్వుని క్యారేజీలో పెట్టుకెళ్ళి మా ఆయనకి కూడా పంచాను. తర్వాత పక్కింటి బాబాయికి ఒక పొద్దున మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయింది. ఆయనకీ చిలకమ్మ అదే మాట చెబుతూ వచ్చింది. ఆ వారంలోనే అత్తయ్య కుళాయి దగ్గర కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. ఆ రోజు నుంచి నాకు ఆ దోసిలి చూస్తే నవ్వు రావడం మానేసింది.

"పట్నం వెళ్దాం అత్తయ్యా" అని బతిమాలాను.

"బస్సెక్కితే కడుపులో దేవేస్తుంది. అయినా అక్కడికెళ్తే ఏం చెప్తారు, బీపీ ఉందంటారు. అది ఇక్కడ చెప్పట్లా?"

ఇంతలో కేంద్రం పెట్టి ఏడాది అయింది. పండగలా చేయాలని కంపెనీ మేనేజరు వచ్చాడు. ఎండలో కూడా ఇస్త్రీ నలగని మనిషి.

"ఈ మెషీన్ని అందరికంటే ఎక్కువగా వాడుకున్నదెవరయ్యా?" అని మా ఆయన్ని అడిగాడు.

"మా అమ్మేనండి."

"భేష్. ఈ ఏటి ఆరోగ్య రాణి ఆవిడే. పెద్దసారు చేతుల మీదుగా బహుమతి."

క్యారేజీ సర్దుతున్నదాన్ని ఊరుకోలేకపోయాను. "ఆవిడకి బీపీ తగ్గలేదండి."

"తగ్గించడం మా విభాగం కాదమ్మా. మాది అవగాహన" అన్నాడు ఎంతో ఓర్పుగా.

ఆ రోజు రానే వచ్చింది. కేంద్రం ముందు షామియానా వేశారు, వేదిక కట్టారు, ఫొటోల కోసం చిలకమ్మని కూడా నలుగురు మోసుకొచ్చి వేదికెక్కించారు. పెద్దసారు అంటే ఆ కంపెనీ మొత్తానికి యజమాని. ఆయన కారు వెనకే ఒక అంబులెన్సు వచ్చి వేదిక చాటున ఆగింది. అందులో మెడలో గొట్టం వేసుకున్న ఒక డాక్టరమ్మ, అర నిండా మందులు కనిపించాయి. నాకు కాళ్ళు ఆగలేదు.

"మా కోసమా అండీ?" అని అడిగాను.

"కాదండీ, పెద్దసారు కోసం. ఆయనకి ఎండ పడదు" అంది డాక్టరమ్మ, కాస్త సిగ్గుపడుతూ.

అత్తయ్యని తీసుకొద్దామని వెనక్కి తిరిగితే మేనేజరు అడ్డంగా నిలబడ్డాడు. "ఇటు ఊరివాళ్ళకి కాదమ్మా. మీకు మెషీన్ ఉంది కదా."

పెద్దసారు ప్రసంగం బావుంది. పల్లె మన గుండె అన్నారు, ఆ గుండె చప్పుడు తాను పట్నంలో పడుకున్నా వింటానన్నారు. మా అత్తయ్యని పిలిచి చేతిలో ఇటుకంత గాజు జ్ఞాపిక పెట్టారు. తర్వాత ఫొటోవాళ్ళ కోరిక మీద ఆయనే చిలకమ్మ కుర్చీలో కూర్చుని, చెయ్యి దూర్చి నవ్వారు. మేనేజరు అందరికీ వినబడాలని మైకు దాని నోటి దగ్గర పెట్టాడు.

"మీ రక్తపోటు అధికంగా ఉంది" అంది చిలకమ్మ, షామియానా అంతా మారుమోగేలా. "దయచేసి వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి."

పెద్దసారు నవ్వు ఫొటోకి సగంలో ఆగిపోయింది. "ఇంకోసారి పెట్టు" అన్నారు. ఇంకోసారి కూడా అదే మాట, పైగా ధన్యవాదాలు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. "డాక్టరెక్కడ? డాక్టర్ని పిలవండయ్యా" అన్నారు, మైకులోనే.

పక్కనే జ్ఞాపిక మోస్తూ నిలబడ్డ అత్తయ్యకి జాలి వేసింది. "కంగారు పడకండి బాబూ. మాకూ రోజూ ఇదే చెప్తుంది. ఇంటికెళ్ళి అన్నం తిని, రేపు పొద్దున మళ్ళీ వచ్చి చూసుకోండి."

పెద్దసారు రేపటిదాకా ఆగలేదు. మేనేజరు భుజం పట్టుకుని వేదిక వెనక్కి దాదాపు పరిగెత్తారు. డాక్టరమ్మ ఆయన్ని అంబులెన్సు మంచం మీద పడుకోబెట్టి చూసింది. "కొంచెం ఎక్కువుంది సార్. ఎండా, కంగారూ. ప్రమాదమేం లేదు. మామూలుకొచ్చేదాకా కదలకుండా పడుకోండి, బండి కూడా కదిలించొద్దు" అని, తను బయటికొచ్చి వెనక మెట్టు మీద కూర్చుంది.

ఖాళీగా కూర్చున్న డాక్టరుని మా ఊరు ఎప్పుడూ చూసి ఎరగదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తోసుకోలేదు. నేను కళ్ళు తిప్పి చూసేసరికి ఆ మెట్టు ముందు లైను ఉంది. అందరికంటే ముందు పక్కింటి బాబాయి.

"ఈ లైనేంటి?" అన్నాడు మేనేజరు.

"సార్ పడుకున్నారు కదండీ. నేను ఊరికే కూర్చున్నాను" అంది డాక్టరమ్మ, బాబాయి చెయ్యి పట్టుకుని చూస్తూ.

"ఆయనకి తగ్గగానే బయల్దేరాలి."

"తగ్గగానే బయల్దేరుదాం."

అత్తయ్య ఇంకా వేదిక మీదే ఉంది. జ్ఞాపిక ఎత్తి పట్టమని ఒకరు, దించి పట్టమని ఒకరు, చిలకమ్మకి ముద్దు పెట్టమని ఒకరు. ఆరోగ్య రాణి తన ఆరోగ్యం చూపించుకోడానికి దిగి వచ్చేసరికి లైను మధ్యకి పడింది. ముందు చాలామంది ఉన్నారు. జ్ఞాపిక నేను అందుకున్నాను. ఆవిడ నా భుజం ఆసరా చేసుకుంది.

"తల బద్దలవుతోందమ్మాయ్" అంది మెల్లగా.

అప్పుడే లోపలికి వంగి పట్టీ బిగించి చూసిన డాక్టరమ్మ, "సార్‌కి దిగుతోంది" అంది. మేనేజరు ముఖం వెలిగిపోయింది. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. లైనంతా ఒక్కసారి నిట్టూర్చింది. మనిషికి జబ్బు తగ్గుతోందంటే ఒక ఊరు ఊరంతా దిగులుపడడం నేను చూడడం అదే మొదటిసారి.

నేను కొంగు సర్దుకుని పక్క తలుపు తీసుకుని అంబులెన్సులోకి ఎక్కాను.

"నమస్కారం సార్. పలకరించి పోదామని వచ్చాను. మెషీన్ చూసే ఆయన మా ఆయనే."

"ఓహో. కొత్త దంపతులా?" పెద్దసారు మర్యాదస్తుడు. "ఎలా ఉందమ్మా మా కేంద్రం?"

"చాలా బాగుంది సార్, చల్లగా. మేమిద్దరం మధ్యాహ్నాలు అక్కడే. మమ్మల్నెవరూ కదిలించరు."

"అదేంటి, జనం రారా?"

"పొద్దున వస్తారు సార్. జబ్బుందని చెప్పించుకుని పోతారు."

"తర్వాత తగ్గుతోందా?"

"మందు లేకుండా ఎలా తగ్గుతుంది సార్? ఉందని మాత్రం అందరికీ గట్టిగా తెలిసింది. ఆ పక్కన నిలబడ్డాయన్ని చూడండి, చెయ్యి పడిపోయేదాకా తెలుస్తూనే ఉంది."

పెద్దసారు కిటికీలోంచి బాబాయి వంక చూశారు. బాబాయి మర్యాదకి నవ్వాడు, ఒక వైపే. డాక్టరమ్మ వచ్చి మళ్ళీ పట్టీ బిగించి చూసింది. "మళ్ళీ పెరిగింది సార్" అని, నా వంక ఒక చూపు చూసింది. అందులో కోపం లేదు. డ్రైవరు ఇంజను ఆపాడు. లైను నలుగురు ముందుకు జరిగింది.

నేను నర్సమ్మ సంగతి చెప్పాను. స్కూటీ సంగతి, మాత్రల సంగతి, 'కంపెనీ వాళ్ళున్నారుగా' అన్న సంగతి. లైను ఇంకాస్త జరిగింది. ఆ తర్వాత నా దగ్గర నిజాలు అయిపోయాయి. పెద్దసారు కళ్ళు మూసుకుని లోతుగా ఊపిరి పీల్చడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకి యోగ్యమైన అలవాట్లన్నీ ఉంటాయి. మళ్ళీ దిగడం మొదలైంది. అత్తయ్యకి ముందు ఇంకా ఇద్దరున్నారు.

"ఇక చాలు, దిగమ్మా" అని మేనేజరు నా వెనక నుంచి గొంతు తగ్గించి కసిరాడు. "మీ ఆయన ఉద్యోగం గురించి ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. ఆలోచిస్తూ తల తిప్పితే మా ఆయనే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. వేదిక మీది నుంచి అమ్మని చూశారో నన్ను చూశారో తెలీదు.

"సార్, ఇంకొకటి" అన్నారు. "మెషీన్ చెప్పేవన్నీ మీ హెడ్డాఫీసులో డాక్టర్లు కూర్చుని చూస్తారని మొదటిరోజు మీరే చెప్పారు. దాని వైరు ఇంతవరకూ ఎక్కడా కలపలేదు సార్. అడిగితే మేనేజరుగారు దాన్ని గోడలో దూర్చి రంగు వేయించమన్నారు. వేయించాను."

నాకు అప్పటికప్పుడు ఆయన్ని మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనిపించింది.

పెద్దసారు లేచి కూర్చున్నారు. "మేనేజరూ" అన్న ఆ పిలుపు బిస్కెట్ల కంపెనీదాకా వినబడి ఉంటుంది.

"పడుకోండి సార్" అంది డాక్టరమ్మ బయట నుంచి. "ఈసారి చూడకుండానే చెప్తున్నాను, పెరిగింది."

ఆ సందులో అత్తయ్య వంతు వచ్చింది. మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపింది. డాక్టరమ్మ ఒకసారి చూసి, రెండో చెయ్యి అడిగి చూసింది. అంతవరకూ ఆవిడ ముఖం మీదున్న చిరునవ్వు తుడిచేసినట్టు పోయింది.

"మందు ఎప్పుడు మానేశారు?"

"మేం మానలేదమ్మా. అదే మానేసింది."

డాక్టరమ్మ ఒక మాత్ర ఇచ్చి, అక్కడికక్కడే మింగించి, లేచి లోపలికి వంగింది. "సార్, కాస్త లేవండి. మంచం కావాలి. ఈవిడని ఇప్పుడే ఆస్పత్రిలో చేర్చాలి."

పెద్దసారుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "మరి నాకు బీపీ?"

"మీకన్నా ఆవిడకి చాలా ఎక్కువ ఉంది సార్."

"నేనెలా వెళ్ళాలి?"

"మీకు కారుంది కదండీ."

ఆయన దిగారు. మంచం ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద అత్తయ్యని పడుకోబెట్టి, పక్కబల్ల మీద మా ఆయనా నేనూ ఇరుక్కుని కూర్చున్నాం. నా ఒళ్ళో గాజు జ్ఞాపిక, దాని మీద ఆయన చెయ్యి, ఆ చేతి మీద నా చెయ్యి. బండి కదిలింది. డాక్టరమ్మ మళ్ళీ పట్టీ బిగించింది.

"ఇంకా ఉందామ్మా?" అని అడిగింది అత్తయ్య, కళ్ళు మూసుకునే.

"ఉంది. కానీ మెల్లగా దిగుతోంది. నేను పక్కనే ఉంటాను."

"చెప్పేసి ఊరుకోవా అయితే" అంది అత్తయ్య. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది.

వెనక అద్దంలోంచి చూశాను. అంబులెన్సు వెళ్ళిపోయినా లైను విడిపోలేదు. మెల్లగా వంగి, పక్కకి తిరిగి, పెద్దసారు కారు దాకా సాగింది. ఆయన తలుపు మీద చెయ్యి వేసి ఎక్కబోతూ ఆగారు. లైను ముందు ఉన్న ముసలాయన తన చీటీ ఆయన చేతిలో పెట్టి, ఏం మందు వేసుకోమంటారని అడుగుతున్నాడు.