ఒంటి గీత

ఎండకు మాడిన ఆకుల వాసన.
లోయ మీద బూడిదరంగు పోగు... దారమంత.
పొగే.
ఆమె లేచింది.

ఈ కొండ మీద మొదట చెట్టు కొమ్మల్లో మంచె ఉండేది. ఆమె మామ కట్టింది. మామ పోయాక అత్త ఎక్కింది. పిడుగు పడి అది కాలితే, మంటలు కనిపెట్టే మంచెకే మంట పెట్టాడు దేవుడని అత్త నవ్విందట. తర్వాత ఇనుప కాళ్లొచ్చాయి, పైన అద్దాల గదొచ్చింది.
పేరు మాత్రం మంచే — మంచులో వణుకుతూ, మంచికి పనికొస్తూ.

గదిలో బల్ల. బల్ల మీద అడవి పటం. పొగకు గురిచూసి పటం మీద గీత గీయాలి.
ఒక గీత దిక్కు చెబుతుంది. చోటు చెప్పదు.
ఎదుటి కొండ నుంచి ఇంకో గీత రావాలి. రెండూ కలిసిన చోటే మంట.

ఎదుటి కొండ మంచె మీద వదిన ఉండేది. భర్తకు అక్క. వైర్‌లెస్‌లో గలగలా గొంతు.
"ఏమే మరదలా, నిద్దరోతున్నావా?"
"నీకంటే ముందే గీసి కూర్చున్నా వదినా."
"అబ్బో! మన గీతలు కలిస్తే ఊరికి మేలు. మనం కలిస్తే ఊరికి వినోదం!"

ఒకనాడు ఆఫీసు వాళ్లొచ్చారు. రెండు మంచెలెందుకు, ఒకటి చాలదా? పొదుపన్నారు.
పొదలంటుకుంటే తెలుస్తుంది పొదుపు!
రెండు కళ్లెందుకు, ఒకటి పొడిచేసుకోండని ఆమె అరిచింది. వచ్చినవాళ్లెవరూ చెవులు తెచ్చుకోలేదు.
వదిన మంచెను విప్పి, ఇనుము తూకానికి అమ్మేశారు.
బతుకంతా పొగ కనిపెట్టిన మనిషికి... చివరికి పొగ పెట్టారు.
వదిన దిగిపోయి లోయలో ఇల్లు కట్టుకుంది.

ఇవాళ ఆమె గీత గీసింది. వైర్‌లెస్ నొక్కింది. ఆఫీసు పలికింది.
"ఎక్కడమ్మా మంట?"
"ఈ గీత మీదే సార్."
"గీత మీద ఎక్కడ?"
"రెండో గీత తూకానికేశారుగా! పాత సామాన్లవాణ్ణి అడగండి."
"నిప్పు ముందు ఎకసెక్కాలేంటమ్మా? మంటలార్పే బండి ఉన్నది ఒక్కటే. వాగుకి ఇవతలికి పంపాలా, అవతలికా?"

పొగ మొదలు కొండ మలుపు వెనక దాగింది.
గీత అడవి దాటింది. వాగు దాటింది. వాగు అవతల వదిన ఇంటిని దాటింది.
చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. ఇక్కడ కాలుతున్నవే ఆకులు!

"అవతలికి," అంది. తెలిసి కాదు.

ఎదుటి కొండ వైపు తిరిగింది. బోడి శిఖరం. దాని మీద ఆకాశం.
"నీ గీత చెప్పు వదినా..."
బండి కదిలిందన్నారు.
లోయ మీద దారం — తాడయింది.